తీసేసిన నక్షత్రం

సలోమి పరుగెత్తుతోంది గాని కాళ్ళు పడుతున్నది నేల మీదో నీళ్ళ మీదో తెలియడం లేదు, ఎందుకంటే తమ పేట వీధి ఉన్నట్టుండి మిరప చేనైపోయింది, ఆ చేను గట్టు దాటగానే చర్చి అరుగు ఎదురొచ్చింది, ఆ అరుగు మీద తొమ్మిది మంది మగాళ్ళు ఒక మనిషిని చుట్టుముట్టి కర్రలతో కొడుతున్నారు. కర్ర పడినప్పుడల్లా డప్పు మోగుతోంది. పడి ఉన్నదెవరో చూడకముందే ఆమెకు తెలుసు. పోయినేడు క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ఇదే అరుగు మీద ప్రాణం వదిలిన తన మొగుడు జక్రయ్య. చచ్చినవాణ్ణి మళ్ళీ చంపుతున్నారు, ఎంత చంపినా వీళ్ళకు తనివి తీరదు కాబోలనుకునేసరికి ఆమె ఒళ్ళు భగ్గుమంటుంది.

"ఊరికి కొట్టని డప్పు మీ దేవుడికి కొడతావంట్రా!" అని అరుస్తున్నాడు వెంకటాద్రి, ఇరవై ఏళ్ళు ఆమె కలుపు తీసిన, కాయ కోసిన చేలన్నీ ఆయనవే. మోకాలి మీద ఒక దెబ్బ, మోచేతి మీద ఒక దెబ్బ, వేళ్ళ మీద మాత్రం గుర్తుపెట్టుకుని మరీ రెండేసి దెబ్బలు వేస్తున్నారు. వాళ్ళ కోపమంతా ఆ వేళ్ళ మీదే. ఊరి అమ్మవారి కొలుపుల్లో జక్రయ్య డప్పు మోగందే జనం కదిలేవాళ్ళు కాదు, అలాంటివాడు బాప్తిస్మం తీసుకున్న ఏడు, ఇక కొలుపులకు కొట్టనని చెప్పేశాడు. మొదటి ఏడు బతిమాలారు, రెండో ఏడు తిట్టారు, మూడో ఏడు పనులు మాన్పించారు, నాలుగో ఏడు చర్చి అరుగు మీద పట్టుకున్నారు.

ఆమె చేతిలోకి రోకలి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. వచ్చిందే చాలనుకుని వెంకటాద్రి నడినెత్తిన దించుతుంది. తల రెండుగా పగులుతుంది, పగిలిన తలతోనే ఆయన మిరప కోతల్లో గదమాయించినట్టు "వంగి పన్జెయ్యవే" అంటాడు, ఆమె మళ్ళీ దించుతుంది, ఈసారి దవడ ఊడి పళ్ళు అరుగంతా మొక్కజొన్న గింజల్లా దొర్లుతాయి. పక్కవాడి పక్కటెముకలు విరుగుతాయి, వాడి పక్కవాడి కన్ను బయటికొస్తుంది, నెత్తురు చీలమండల దాకా వచ్చి ఉడికించిన మైదా పిండిలా జిగురుగా అంటుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆమెకు హాయిగా ఉంది. ఈ పదకొండు నెలల్లో ఏ ఆరాధనలోనూ ఇంత హాయి కలగలేదు, ఆ సంగతి తోచి సిగ్గూ వేస్తుంది, సిగ్గుపడుతూనే ఇంకొకణ్ణి కొడుతుంది.

"చెయ్యి నొప్పి పుట్టలా?" అంటుంది వెనక నుంచి ఒక గొంతు.

జక్రయ్య చర్చి గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, ఆస్పత్రిలో దుప్పటి తీసి చూపించినప్పటి ముఖమే, ఎడమ కన్ను లేదు, పెదవి చెంప దాకా చీలి ఉంది, అయినా మాట మాత్రం ఎప్పట్లా తేటగా ఉంది. వేళ్ళ మధ్య చుట్ట ఒకటి.

"చుట్ట మానేశావు గదయ్యా?"

"మానేశాలే. ఊరికే పట్టుకున్నా. నువ్వు కానీ, ఇంకా తొమ్మిది మందీ అట్టానే ఉన్నారు."

తిరిగి చూస్తే నిజమే, చచ్చినవాళ్ళంతా లేచి తుండుగుడ్డలు దులుపుకుని కర్రలతో కొత్తగా నిలబడ్డారు. ఆమె మళ్ళీ ఒక్కొక్కణ్ణే పడేస్తుంది, పడ్డవాడు పడ్డట్టే లేస్తాడు, మూడోసారికి రోకలి మోయలేని బరువవుతుంది. ఆయాసంతో వచ్చి మొగుడి పక్కన చతికిలబడుతుంది. గోడ ఎటు పోయిందో, ఇద్దరూ తమ ఇంటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు, ఆ తొమ్మిది మందీ మాత్రం వాకిట్లో అలాగే నిలబడి ఉన్నారు.

"ఒకటి అడగాలయ్యా నిన్ను," అంటుంది సలోమి. ఇది పదకొండు నెలలుగా ఆమె గొంతులో అడ్డం పడి ఉన్న మాట. "పక్కూళ్ళో పని నుంచి ఇంటికి రావాల్సినోడివి, ఆ సందేళ చర్చి కాడికి ఎందుకు పొయ్యావు?"

జక్రయ్య గుమ్మం పైకి చూస్తాడు. అక్కడ ఒట్టి మేకు ఉంది.

ఆ మేకు సంగతి ఆమెకు తెలియనిదా. డిసెంబరు ఒకటో తారీకు రాగానే పేటలో ప్రతి గుమ్మానికీ కాగితం నక్షత్రం ఎక్కుతుంది, జక్రయ్య వెదురు పుల్లలతో కట్టి, ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టే నక్షత్రం అన్నిటికన్నా పెద్దది. పోయినేడు ఆ సందేళ కర్రలు పట్టుకుని వస్తున్నారన్న కబురు వినగానే సలోమి స్టూలెక్కి దాన్ని తీసేసింది. మంచం కిందికి తోసి, దీపం ఆర్పి, కూతురు లూదియ నోరు చేత్తో మూసి చీకట్లో కూర్చుంది. నక్షత్రం లేని ఇంటిని వదిలేసి పోతారనుకుంది. వాళ్ళు అసలు ఆ వీధికే రాలేదు.

"వీధి మొగదల్లో నిలబడి చూశా," అంటాడు జక్రయ్య. "అన్నిళ్ళకీ ఎలుగుతున్నయ్యి, మనింటికి లేదు. ఆళ్ళు పీకేశారనుకున్నా. నిన్నూ పిల్లనీ చర్చి కాడికి ఈడ్చకపొయ్యారనుకున్నా. ఎతుక్కుంటా పొయ్యా."

ఇన్నాళ్ళూ ఆమె ఏ మాటకు భయపడి నిద్ర మానుకుందో ఆ మాటే ఇది. ఇంటి కప్పు విరిగి నెత్తిన పడుతుంది, వాసాలన్నీ కర్రలై వాన కురిసినట్టు కురుస్తాయి, వాకిట్లో ఉన్న తొమ్మిది మందీ ఆమెను చూసి నవ్వుతారు. "అయితే నేనే చంపా నిన్ను," అంటూ ఆమె రోకలి మళ్ళీ ఎత్తుతుంది, ఈసారి తన నెత్తికే. నుదురు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారుతుంది. ఇంకోసారి ఎత్తేలోపు జక్రయ్య చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. వేళ్ళన్నీ విరిగిన చెయ్యి అది, ఇంత గట్టిగా ఎలా పట్టుకుందో ఆమెకు అర్థం కాదు.

"ఆగవే సలోమీ. నువ్వు పిల్లని దాయాలనుకున్నావు, నేను నిన్ను ఎతకాలనుకున్నా. అది తప్పయితే సగం నాకియ్యి. అంతా నువ్వే మోస్తే నాకేం మిగిలింది?"

ఆమె భోరున ఏడుస్తుంది. మొగుడు పోయిన రోజు కూడా ఇలా ఏడవలేదు, ఆ రోజు పోలీసులు, డాక్టర్లు, సంతకాలు, ఏడవడానికి తీరిక ఎక్కడిది.

"ఆళ్ళకి మనిల్లు తెలవదనుకున్నావా?" అంటాడు జక్రయ్య, చీలిన పెదవితోనే కాస్త నవ్వుతూ. "ఇరవయ్యేళ్ళు డప్పు కోసం ఈ గుమ్మం ముందు నిలబడి కేకేసినోళ్ళే గదా. నక్షత్రం ఆళ్ళ కోసం కాదు. దారి తెలవనోళ్ళ కోసం కడతాం. దాస్తే ఆళ్ళకేం కాలేదు, నాకే దారి తప్పింది."

"ఇయ్యాల ఒకటో తారీకు," అంటుంది ఆమె ముక్కు చీదుకుని. "బెయిలు మీద వొచ్చాడు వెంకటాద్రి. ఈ ఏడు నక్షత్రం కడితే నన్నూ నీ కాడికే పంపుతానని కబురు పెట్టాడు. పిల్ల కట్టొద్దని కాళ్ళట్టుకుంటంది. కడితే ఆళ్ళు రారా?"

"రావొచ్చు."

"దేవుడు ఆపడా?"

"నన్నా అడిగేది? నాకాడ ఆపలా గదా."

"మరి ఎట్టా నమ్మేదయ్యా?" అని ఆమె కోపంగా అరుస్తుంది, ఆ కోపం వాకిట్లో వాళ్ళ మీదా మొగుడి మీదా కాదు, నేరుగా ఆ దేవుడి మీదే. "నువ్వు ఆయన కోసం డప్పు ఇడిచిపెట్టావు, తిండి మానుకున్నావు, చచ్చిపొయ్యావు. నిన్ను చంపేటప్పుడు ఆయన యాడున్నాడు?"

ఆ మాటతో అరుగు మళ్ళీ వచ్చేస్తుంది. జక్రయ్య దాని మీద బోర్లా పడి ఉన్నాడు, వీపు మీద కర్రలు ఆడుతున్నాయి, ఒక్కో దెబ్బకూ చర్మం లేచిపోతోంది, అయినా పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు.

"ఆళ్ళు పైన ఉన్నారే. ఆయన కిందున్నాడు. సిమెంటు అరుగు గదా, ముకం పగిలిపోద్ది అనుకున్నా. పడితే మెత్తగా తగిలింది, మనిషి మీద పడ్డట్టు. నాకన్నా ముందే దెబ్బలు తిని పడున్నట్టుంది ఆయన. ఇంక లేవబుద్ధి కాలా. నాకు తెలిసింది అంతే."

"అంతేనా?"

"అంతే. ఎక్కువ చెబితే అబద్ధం అవుద్ది."

వాకిట్లో తొమ్మిది మంది కాగడాలు వెలిగిస్తారు. వెంకటాద్రి గుమ్మం మీద కాలు పెడతాడు, పగిలిన తలలో నుంచి మంట లేస్తోంది. లోపల లూదియ అరుస్తోంది. సలోమి లేవబోతుంది గాని చెయ్యి రావడం లేదు.

"వొదులయ్యా, పిల్ల కాడికి పోవాల."

"నేనెప్పుడో వొదిలేశానే. పట్టుకుంది నువ్వు."

కర్ర లేస్తుంది. ఆమె శక్తికొద్దీ చెయ్యి లాక్కుంటుంది.

"అమ్మా! అమ్మా, లే!"

మధ్యాహ్నం ఎండ గుమ్మంలో నుంచి పడుతోంది. పదిహేడేళ్ళ లూదియ భుజం పట్టుకుని కుదుపుతోంది. "నిద్దట్లో ఎవురినో తిడతన్నావే," అంది ఆ పిల్ల, భయంభయంగా.

సలోమి లేవబోయింది. చెయ్యి నిజంగానే రాలేదు. పొద్దున మొదలుపెట్టి సగం అంటించిన నక్షత్రం మీదే ఆమె నిద్రపోయింది, గిన్నెలో మైదా జిగురు అట్టకట్టింది, ఎర్ర కాగితం మీద ఆనించిన అరచెయ్యి దానికే అతుక్కుని ఎండిపోయింది. ఆమె మెల్లగా లాగింది. కాగితం పర్రున చిరిగి చేతితో పాటే వచ్చేసింది, నక్షత్రంలో అరచెయ్యి పట్టేంత కన్నం పడింది.

"చిరిగింది గదా," అంది లూదియ. ఆమె గొంతులో కొంచెం ఆశ వినిపించింది. "ఇంక ఈ ఏటికి వొద్దులే అమ్మా. ఆళ్ళొస్తే?"

"రావొచ్చు," అంది సలోమి. "స్టూలు కదులుద్ది. వొచ్చి పట్టుకో."

లూదియ గుమ్మం దాకా వెళ్ళి వీధి రెండు వైపులా చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని వచ్చి, రెండు చేతులతో స్టూలు పట్టుకుంది. సలోమి చిరిగిన నక్షత్రాన్ని అలాగే తీసుకుని ఎక్కింది, మేకుకు తాడు ముడివేసింది. అరచేతికి అంటుకున్న ఎర్ర కాగితాన్ని మాత్రం ఆమె గోకి తీయలేదు.