సెలూన్లో మహారాణి

వీధి మలుపులో సెలూన్ నడిపే ఆయనకు ఒక్కగానొక్క కూతురు. ఏడేళ్లది. సెరిబ్రల్ పాల్సీ వల్ల తనంతట తాను నిలబడలేదు, మాటలూ తక్కువే. కానీ కంటిచూపుతోనే ఇల్లంతటినీ ఆడించేది కాబట్టి అందరూ మహారాణి అనేవారు. మహారాణికి మలబద్ధకం. రోజుల తరబడి కడుపు కదలకపోతే ఇంట్లో ఎవరికీ అన్నం సయించేది కాదు.

"మందు మానొద్దు. దాంతోపాటు రోజూ కాసేపు ఫ్రేములో నిలబెట్టండి. కొందరు పిల్లలకి అలా నిలబడితే కడుపు కదులుతుంది" అంది ఫిజియోథెరపీ మేడం.

నడుముకీ మోకాళ్లకీ పట్టీలున్న చెక్క ఫ్రేము ఇంటికొచ్చింది. అందులో నిలబెట్టగానే మహారాణి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది.

"గోడకేసి నిలబెడితే ఏడవదూ? నన్ను నిలబెట్టినా ఏడుస్తాను" అంది నాయనమ్మ.

నిజమే కదా అనిపించింది తండ్రికి. మర్నాడు ఫ్రేమునీ కూతుర్నీ సెలూన్‌కి తీసుకెళ్లి అద్దం పక్కన నిలబెట్టాడు. అంతే, ఏడుపు మాయం! ఎవరి జుట్టు రాలినా పకపకా నవ్వే. బట్టతలాయన కూర్చుంటే మరీనూ. "నన్ను చూసే నవ్వుతోందయ్యా మీ అమ్మాయి" అని ఆయన మూతి ముడుచుకున్నాడు గానీ, వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు, కత్తిరించడానికేమీ లేకపోయినా.

ఒక పొద్దున ఓ పెళ్లికొడుకు గడ్డం గీయించుకోడానికి వచ్చాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. అంతలో మహారాణి నవ్వాపి, మొహం ఎర్రగా చేసుకుని, పిడికిళ్లు బిగించింది. కాసేపటికి గదంతా గుప్పుమంది.

"ఏంటన్నా, ఈ క్రీము పాతదా?" అన్నాడు పెళ్లికొడుకు ముక్కు మూసుకుని.

తండ్రి కత్తి పక్కనపెట్టి ఫోనందుకున్నాడు. "అమ్మా, అయింది! అయిపోయింది!"

"ఎక్కడయింది? ఇంకో చెంప ఉందిగా!"

"నీది కాదు బాబూ, మా అమ్మాయిది!"

పట్టీలు విప్పి, కూతుర్ని భుజానేసుకుని ఎదురుగానే ఉన్న తన ఇంటికి పరుగెత్తాడు. భార్య డైపర్ విప్పి చూసి, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నా తల్లే! ఎంత హాయిగా ఉందో దీని ప్రాణానికి" అంటూ నాయనమ్మ మెటికలు విరిచింది. ఈ సంబరంలో పెళ్లికొడుకు సంగతే ఎవరికీ గుర్తులేదు.

"అన్నా, నా పెళ్లికి టైమవుతోంది" అని గుమ్మంలోంచి గొంతు వినబడింది. సగం గడ్డం, మెడలో తువ్వాలు.

"అయ్యయ్యో, నురగంతా ఆరిపోయిందే! కూర్చో నాయనా" అని నాయనమ్మే కుర్చీ వేసి, చెంబుతో నీళ్లు తెచ్చింది. తండ్రి సెలూన్ నుంచి కత్తీ క్రీమూ తెచ్చాడు. రెండో చెంప ఇంటి వరండాలోనే పూర్తయింది.

తర్వాత కూడా ఆ కడుపు అప్పుడప్పుడూ మొండికేస్తూనే ఉంది. కానీ ఫ్రేము గొడవ మాత్రం తీరిపోయింది. పెళ్లికొడుకు వెళ్లాక ఆ పూటే స్నానం చేయించి పడుకోబెట్టబోతే, మహారాణి తండ్రి చొక్కా పట్టుకుని, సెలూన్ వైపు చూస్తూ, "పద" అంది.