కింద పోర్షన్లో బంతి

గవర్నర్‌పేటలో ఆ సందు నిద్రలేచేది పాలబండి హారన్‌తో కాదు, భానుశ్రీ ఉండే కింద పోర్షన్లోంచి వచ్చే చప్పుడుతో. డబ్, డబ్, డబ్. నిజానికి ఆ చప్పుడు రాత్రంతా ఉండేదే. పొద్దున్నే పనుల్లో పడ్డాకే జనం దాన్ని వాడుకోవడం మొదలుపెట్టేవాళ్ళు. పై వాటాలో ఉండే ఇంటివాళ్ళావిడ జ్ఞానప్రసూనాంబగారు ఆ దెబ్బల మీదే సహస్రనామం చదువుకునేది. ఎదురింటి టైలరు మిషను తొక్కేది ఆ లయకే. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు రెండ్రోజులు తల పట్టుకునేవాళ్ళు, ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేసి పోయాక అది లేని ఊళ్ళో నిద్రపట్టడం లేదని ఫోన్లు చేసేవాళ్ళు.

భానుశ్రీ ముందుగదిలో, మడతపెట్టిన గోనెసంచి మీద, ఒక బాస్కెట్‌బాల్ దానంతటదే పడి లేస్తూ ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా అంతే.

కృష్ణా కెరటాలు అనే ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీములో అది మామూలే. ఆ టీము అమ్మాయి ఎవరైనా ఆల్‌టైమ్ రికార్డు పెట్టిందంటే, ఏ బంతితో పెట్టిందో ఆ బంతి ఇక ఆగదు. ఇంకొకరొచ్చి ఆ రికార్డు కొట్టేదాకా ఎగురుతూనే ఉంటుంది. అందుకని క్లబ్బువాళ్ళు శాలువా కప్పి, దండేసి, బంతిని కూడా చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారు. రీబౌండ్ల రికార్డు శ్రీలలితది. పటమటలో వాళ్ళింటికి చుట్టాలొస్తే బంతిని స్నానాలగదిలో పెట్టి తలుపేస్తారు. వరసగా మూడేళ్ళు లీగు కప్పు తెచ్చిన బంతి క్లబ్బు ఆఫీసులోనే బీరువా పక్కన ఎగురుతుంది, గుమాస్తా దానితో దెబ్బకి దెబ్బ కలిపి రబ్బరు స్టాంపులు వేసుకుంటాడు. బెజవాడలో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు కూడా పొడుగ్గా ఉన్న ఆడపిల్ల కనిపిస్తే ముందు అదే అడుగుతారు. "రికార్డేమన్నా ఉందామ్మా? ఉంటే కింద పోర్షనే ఇస్తాం."

భానుశ్రీది అన్నిటికన్నా పెద్ద రికార్డు. టీము పుట్టిందగ్గర్నుంచీ అందరికన్నా ఎక్కువ పాయింట్లు ఆమెవే. మోకాలు పాడై ఆట మానేశాక అదే టీముకి అసిస్టెంట్ కోచ్ అయింది.

చప్పుడుతో ఆమెకి పేచీ లేదు. బాధంతా కాళ్ళతోనే. బంతి ఎగురుతుంటే ఆమె పాదం ఒకచోట ఆనదు. కంచం చేత్తో పట్టుకుని గదంతా తిరుగుతూ తినేది. సినిమాకెళ్తే ఇంటర్వెల్ దాకా కూర్చోలేదు. ఎక్కడికన్నా పోవాలి, ఎక్కడికన్నా సరే, అని పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఒకటే పోరు లోపల. పోనా అంటే, ఆ బంతి పోనివ్వదు.

ఒకసారి పోయి చూసింది కూడా. బంతిని ఇంట్లో పెట్టి తాళమేసి కాకినాడ బస్సెక్కింది. హనుమాన్ జంక్షన్లో బస్సాగితే కిటికీ కింద జామకాయలమ్మే ఆవిడ చెయ్యెత్తి చూపించింది. "అమ్మా, అది మీదే కాబోలు." చూస్తే హైవే మీద, లారీల మధ్యనుంచి, ఒంటినిండా దుమ్ముతో ఎగురుకుంటూ వస్తోంది. కండక్టరు ఎలీషా మర్యాదస్తుడు. తలుపు తీసి పట్టుకున్నాడు.

"ఎక్కించుకోండమ్మా, ఎండన పడి వచ్చింది పాపం. అర టికెట్టు కొడతాను."

బంతి ఎక్కలేదు. బస్సుకి ఎదురుగా వచ్చి, నడిరోడ్డు మీద ఎగురుతూ నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టి, ఇంజన్ ఆపేసి, బీడీ తీశాడు. బస్సులో ఉన్నవాళ్ళందరూ భానుశ్రీ వైపు తిరిగారు.

"రికార్డు బంతి ఈ జంక్షన్ దాటదమ్మా. మా డిపోలో అందరికీ తెలిసిందే, మీకెవరూ చెప్పలేదా?" అన్నాడు ఎలీషా జాలిగా. ఆమె దిగి, బంతిని చంకన పెట్టుకుని, అవతలివైపు వెళ్ళి బెజవాడ బస్సు కోసం నిలబడింది. చంకలో కూడా అది కొట్టుకుంటూనే ఉంది.

ఈ ఏడు కాకినాడనుంచే పిలుపొచ్చింది. ఆడపిల్లలకి కొత్త అకాడమీ పెడుతున్నారు, హెడ్ కోచ్‌గా రమ్మన్నారు. సీజను అయిపోగానే చేరాలి, లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నారు. సరేనని మాటిచ్చేసింది. ఇవ్వడానికి ఆమెకున్న ధైర్యమల్లా ఒక్కటే, రుచిత.

రుచితది మంగళగిరి. ఇరవై రెండేళ్ళ పిల్ల. బక్కగా ఉంటుంది కానీ బంతి చేతికొస్తే మనుషుల మధ్యనుంచి దారంలా దూరిపోతుంది. సీజను చివరికొచ్చేసరికి భానుశ్రీ రికార్డుకి చేతికందేంత దూరంలో ఉంది. మిగిలినవి రెండు మ్యాచ్‌లు.

ఆ రెండిట్లో మొదటిదానికి ముందు భానుశ్రీ హెడ్ కోచ్ అబ్రహాముగారి దగ్గరకెళ్ళి, "రుచితకి మడమ వాచిందండీ. ఇవాళ కూర్చోబెడదాం" అంది.

మడమ వాయలేదు. పొద్దున ప్రాక్టీసులో ఆ పిల్ల నవ్వుతూ పరిగెత్తడం చూసేసరికి భానుశ్రీ చూపు ఆ పిల్ల పాదాల మీదే ఆగిపోయింది. ఈ పాదాలు రేపట్నుంచి ఒకచోట ఆనవు. ఈ పిల్ల కూడా కంచం పట్టుకుని తిరుగుతూ తింటుంది. నేను బయటపడాలని దీన్ని ఆ గోనెసంచి దగ్గర కట్టేసిపోనా? అలా అనుకునే అబద్ధమాడింది. ఆడిన మరుక్షణం కాకినాడ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

మ్యాచ్ అవగానే రుచిత బ్యాగు భుజానేసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా మడమ చూడక్కా. ఎక్కడ వాచిందో చూపించు."

"అరవకే. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. ఆ రికార్డు మీద నీకింత మమకారమని తెలిస్తే నేను ఖోఖో ఆడుకునేదాన్ని."

"మమకారమా? ఒక్క రాత్రి మా ఇంట్లో పడుకుని చూడవే, తెలుస్తుంది. అది నిన్ను కూర్చోనివ్వదు, పోనివ్వదు. నీ మంచికే చేశాను."

రుచిత బ్యాగు కింద పెట్టింది. కోపం పోలేదు కానీ గొంతు తగ్గింది. "మా ఇంటికి రా. ఇప్పుడే. టీ తాగి వచ్చేద్దువుగాని."

ఆటోలో బ్యారేజీ దాటారు. మంగళగిరిలో సాలెవాళ్ళ వీధి. రెండిళ్ళ అవతల ఎక్కడో ఒక్క మగ్గం ఆడుతోంది. రుచిత వాళ్ళింట్లో మాత్రం గాలికి క్యాలెండరు కదిలినా వినిపించేంత నిశ్శబ్దం. ముందుగదిలో నేల మీద, పాత మగ్గం గుంటకి అడ్డంగా చెక్కలు పరిచి ఉన్నాయి. వాటిచుట్టూ రుచిత వాళ్ళ నాన్న బసవపున్నయ్య తిరుగుతున్నాడు. గోడదాకా వెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ గోడదాకా.

"నాన్నా, మా కోచ్."

"రామ్మా, రామ్మా. కూర్చో," అంటూనే ఆయన తిరుగుతున్నాడు. "ఏం అనుకోకమ్మా. మగ్గం విప్పేసినకాడ్నుంచి ఇదీ వరస. నలభై ఏళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు చప్పుడు లేకపోయేసరికి కాళ్ళకి ఏం చెయ్యాలో తెలీక నన్ను తిప్పుతున్నాయి."

"రాత్రుళ్ళు కూడా అంతేనమ్మా," అంది రుచిత వాళ్ళమ్మ, టీ గ్లాసు అందిస్తూ. "గుడి మెట్లదాకా పోతాడు, వస్తాడు. పొద్దుటికి ఎక్కడో అరుగు మీద దొరుకుతాడు."

భానుశ్రీ తన పాదం వైపు చూసుకుంది. అది నేల మీద ఆడుతోంది. ఆయన పాదాలకేసి చూసింది. ఆయనవీ అదే వేగం. చప్పుడు ఉండి ఈమెకి, చప్పుడు లేక ఆయనకి. గ్లాసు పట్టుకుని ఆమె కూడా లేచి నిలబడిపోయింది.

వీధిలోకొచ్చాక రుచిత అంది. "రెండేళ్ళుగా ఆ బంతి కోసమే ఆడుతున్నానక్కా. కప్పు కోసమా, పేపర్లో ఫొటో కోసమా అనుకున్నారంతా."

"జంక్షన్ దాటలేవే."

"దాటి ఎక్కడికి పోవాలక్కా? బ్యారేజీకి ఇటు మా ఇల్లు, అటు మన కోర్టు."

"ఇరవై రెండేళ్ళకి అందరం అలాగే అంటాం."

"అప్పుడు చూసుకుందాంలే. ఏదో ఒక పిల్ల పుట్టే ఉంటుంది నాది కొట్టడానికి. అప్పటిదాకా మా నాన్న నిద్రపోతాడు." ఆటోవాణ్ణి పిలుస్తూ, "ఈసారి నా మోచెయ్యి వాచిందని చెప్పావంటే మాత్రం చూడు," అంది.

చివరి మ్యాచ్‌కి ఇండోర్ స్టేడియం నిండిపోయింది. రుచితకి ఆ రోజు గురి కుదర్లేదు. మొదటి సగమంతా వేసిన బంతల్లా రింగుకి తగిలి బయటికే. మూడో క్వార్టర్లో కుదుటపడింది. నాలుగోది అయిపోవస్తుండగా రింగు కిందకి దూసుకెళ్ళి ఒక లేఅప్‌తో భానుశ్రీ లెక్కని అందుకుంది. ఇద్దరూ సమానం. జనం లేచి నిలబడ్డారు. వెంటనే అవతలివాళ్ళు ఫౌల్ చేశారు. రెండు ఫ్రీ త్రోలు.

మొదటిది వేసింది. రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటపడింది.

రుచిత బెంచీ వైపు తిరిగింది. టైము అయిపోతోంది, ఇదొక్కటే మిగిలింది. అబ్రహాముగారు శిలువ గుర్తు వేసుకున్నారు. భానుశ్రీ బెంచీ మీంచి లేచింది. ఊపిరి పీల్చుకోమనాలా, భుజం వదులు చెయ్యమనాలా? తొమ్మిదేళ్ళుగా ఆమెకి బాగా తెలిసింది ఒక్కటే. అరచెయ్యి ఎత్తి తొడ మీద కొట్టింది. డబ్. డబ్. డబ్. మెల్లగా, తన ఇంట్లో ఆ క్షణాన బంతి ఎలా పడుతోందో అలాగే.

రుచిత ఆ చేతినే చూస్తూ బంతిని నేలకి కొట్టింది. డబ్. డబ్. డబ్. ఎత్తి వేసింది.

వల కదిలిందో లేదో, భానుశ్రీ జేబులో ఫోను మోగింది. హోరులో ఒక చెవి మూసుకుని ఎత్తింది.

"అమ్మాయ్! ఆగిపోయిందే!" జ్ఞానప్రసూనాంబగారు దాదాపు ఏడుస్తోంది. "సహస్రనామం మధ్యలో ఆగిపోయింది. ఏ నామం దగ్గరున్నానో తెలీటంలేదు. వీధంతా బయటికొచ్చేసింది, ఎవరన్నా పోయారా అని అడుగుతున్నారు."

"ఎవరూ పోలేదు పిన్నిగారూ. మొదట్నుంచీ చదువుకోండి," అంది భానుశ్రీ. అంటూ కింద చూసుకుంది. పాదం నేల మీద ఆని ఉంది. తనది కానట్టు, ఎవరో చెప్పు విప్పి పెట్టినట్టు.

కొత్త బంతిని మంగళగిరి తీసుకెళ్ళేసరికి బసవపున్నయ్య చెక్కలు తీసేసి ఉంచాడు. గోనెసంచి ఎక్కడ పరవాలని రుచిత చూస్తుంటే, "అదెందుకే? గుంటలో వదులు," అన్నాడు. వదిలింది. మట్టి మీద పడి లేచే చప్పుడు వేరేగా ఉంది, మెత్తగా, లోతుగా. ఆయన గుంట అంచున కూర్చుని కాళ్ళు లోపలికి జారవిడిచాడు. బంతి ఇటు లేచినప్పుడు ఈ కాలు, అటు లేచినప్పుడు ఆ కాలు. కాసేపటికి గోడకి ఆనుకున్నాడు. ఇంకాసేపటికి నోరు తెరుచుకుంది. రుచిత వాళ్ళమ్మ చప్పుడు కాకుండా వచ్చి ఆయన భుజాల మీద తువ్వాలు కప్పింది.

మరుసటి వారం భానుశ్రీ కాకినాడ బస్సెక్కింది. కిటికీ పక్క సీటు. గన్నవరం దాటినా ఒక్కసారి కూడా లేవలేదు. హనుమాన్ జంక్షన్లో బస్సాగింది. జామకాయలావిడ కిటికీలోంచి ఒక కాయ అందించి ఆమెని చూసింది, తర్వాత వెనక రోడ్డు వైపు చూసింది. భానుశ్రీ కూడా మెడ తిప్పింది. లారీలు, ఆటోలు, ఎండ. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుచూసింది. రాకూడదనే, అయినా ఎదురుచూసింది.

ఎలీషా ఈల నోట్లో పెట్టుకుని తలుపు దగ్గరే ఆగాడు. ఆయనా రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఏమ్మా, ఇంకాసేపు చూద్దామా? వస్తదేమో. అర టికెట్టేగా."

"రాదండీ," అంది భానుశ్రీ. చెప్పడం కాస్త కష్టమైంది. "అది ఆగిపోయింది. ఇప్పుడు ఎగిరేది ఇంకో బంతి, దానికి నిద్రపుచ్చే పని దొరికింది."

ఎలీషా తల ఊపి ఈల వేశాడు. బస్సు జంక్షన్ దాటింది. ఏలూరు రాకముందే ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. ఒళ్ళో జామకాయ జారి కిందపడి, సీట్ల మధ్యన రెండుసార్లు ఎగిరి, బుద్ధిగా ఆగిపోయింది.