తాకని బిస్కెట్టు

సులావ్ మిరియాల మూటను చియో సంచిలో అడుగుకంటా కుక్కింది. దానిమీద ఎండుచేపలు, వాటిమీద తాను అల్లిన చిన్న చాప. సంచి మూతి ఇంక మూసుకోనంది.

"చాలక్కా! జపాన్‌లో తిండి దొరకదనుకున్నావా?" సులావ్ వాళ్ల ఇబాన్ భాషలో మాటలు కూడబలుక్కుంటూ అంది చియో. వానలు తగ్గగానే ఏటా వస్తుంది. ఇరవై కుటుంబాలు ఒకే కప్పు కింద బతికే ఆ పొడుగింట్లో, సులావ్ గదిలోనే నెల్లాళ్లు అతిథిగా ఉంటుంది. ఇది ఆరో ఏడు.

"దొరుకుతుందిలే. నా చేతిది దొరకదుగా."

సులావ్ బెంగ తిండి గురించి కాదు. చియోకి అరవై తొమ్మిది. పంపిన ప్రతిసారీ ఇదే ఆఖరిసారేమోనని సులావ్ భయం. అందుకే వెదురుబొంగులో వండిన అన్నం తెచ్చి ముందు పెట్టింది. ఎవరైనా తిండి పెడితే, తినే తీరిక లేకపోయినా వేలితో తాకి నాలుకకు రాసుకోవాలన్నది ఇబాన్‌ల కట్టుబాటు. అలా తాకనివాళ్లను పామో, మొసలో, జ్వరమో వెంటాడుతుంది.

చియో తాకింది. సులావ్ మళ్లీ తాకించింది.

"ఎన్నిసార్లు వదినా? నీళ్లు తగ్గిపోతున్నాయి. ఇంకాసేపైతే మీ ఇద్దరిచేతా పడవ మోయిస్తా!" ఏటి రేవులోంచి సులావ్ మరిది ఉంచట్ కేకేశాడు.

"నువ్వు నోరు తగ్గించి రాళ్లు చూసుకో!"

పడవ కదిలింది. చియో గబగబా పొట్లం విప్పి, ఒక బిస్కెట్టు ఒడ్డువైపు చాచింది. "అక్కా, నువ్వూ తాకు!"

"నేనెక్కడికి పోతున్నానే? ప్రయాణం నీది!" సులావ్ నవ్వుతూ చేయి ఊపింది. పడవ ఏటి వంపు తిరిగేదాకా చియో చాచిన చేయి అలాగే ఉంది.

మెట్లెక్కుతుంటే సులావ్‌కు గుర్తొచ్చింది, ఆ కట్టుబాటు ప్రయాణికులకే కాదని. ఒక్క బిస్కెట్టయినా మిగిలిందేమోనని గదంతా వెతికింది. చియో పొట్లం చియోతోనే పోయింది.

ఐదో రోజున ఉంచట్ ఫోనుకు కబురొచ్చింది. చదివి వినిపించాడు. "క్షేమంగా చేరాను. నువ్వు మాత్రం తాకలేదక్కా."

"చేరింది, అది చాలు," అంది సులావ్. ఆ రోజు రెండు పూటలా కడుపునిండా తింది.

మరుసటి జూన్‌లో చియో అవే బిస్కెట్లు తీసుకుని వచ్చింది. అంతకు నాలుగు నెలల ముందే, ఫిబ్రవరి పదకొండున, జ్వరంతో ఉన్న సులావ్‌ను ఉంచట్ ఆ పడవలోనే పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సులావ్ తిరిగి రాలేదు.