ముప్పై మూడో పేరా

భీమశంకరం కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. పాలవాడికి చీటీ రాసినా పేరా నంబర్లు వేస్తాడు. అలాంటి మనిషి, భార్య హైమవతికి వాళ్ళ ఆఫీసు తరఫున ట్రినిడాడ్ దీవిలో మూడు వారాల శిక్షణ ఖాయమైతే చేతులు ముడుచుకుని కూర్చుంటాడా? నాలుగు సాయంత్రాలు ఇంటర్నెట్ సెంటర్లో గడిపి, ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లో ఏకంగా ఒక ఫైలు తెరిచాడు.

"పేరా ఏడు. అక్కడి టాక్సీలు మన షేర్ ఆటోల్లాంటివే, నిండితేగానీ కదలవు. ఎక్కగానే అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పాలి. లేకపోతే పొగరనుకుంటారు."

"అచ్ఛా! ఇక్కడి బస్సులో చెప్తే పిచ్చనుకుంటారు."

"పేరా పదకొండు. మిలిటరీ మచ్చల బట్టలు వేసుకోవడం అక్కడ నేరం."

"అయ్యయ్యో! సరోజినీ నగర్ బజార్లో రెండు జతలు బేరమాడొచ్చానండీ," అంది హైమవతి పమిట సర్దుకుంటూ.

భీమశంకరం నవ్వలేకపోయాడు. ముప్పై రెండు పేరాలు రాసినవాడు ముప్పై మూడోది కావాలనే వదిలేశాడు. అది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొచ్చినవాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచే తీసుకెళ్ళి విడిగా ఉంచుతారు. అందుకని కార్డు లేనివాళ్ళను ఆఫీసు పంపదు.

మనిషి దుర్మార్గుడేం కాదు. పెళ్ళయిన ఇరవై ఒక్క ఏళ్ళలో ఆమె లేని ఇంట్లో ఒక్క రాత్రి పడుకోలేదు. వెళ్ళొద్దనడానికి నోరు రాలేదు, వెళ్ళమనడానికి మనసు రాలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది.

గడువు ఆఖరి రోజు పొద్దున్న హైమవతి కూనిరాగం తీస్తూ ప్రయాణానికి చీరలు ఇస్త్రీ చేసుకుంటోంది. ఆ సంబరం చూసేసరికి భీమశంకరం కాఫీ కప్పు బల్ల మీద పెట్టేశాడు.

"హైమా, నీ విషయంలో ఓ తప్పు చేశా," అంటూ మొత్తం కక్కేశాడు. "ఇవాళ్టితో సరి. సెలవు పెట్టాను. లే, ఆటో పిలుస్తా."

హైమవతి లేవలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, హ్యాండ్‌బ్యాగులోంచి పసుపు రంగు కార్డు తీసి ఇచ్చింది. టీకా వేసిన తేదీ పోయిన బుధవారం.

భీమశంకరం రెండుసార్లు చదివాడు. "మరి నాతో ఒక్క మాట అనలేదేం?"

"మా ఆఫీసులో మొదటి రోజే చెప్పారండీ. మీ ఫైలంతా వెతికా. టాక్సీలో చెప్పే గుడ్ మార్నింగ్ కూడా ఉంది, ఇదొక్కటీ లేదు." ఆమె గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు. "వారం రోజులుగా చూస్తున్నా, మీరెప్పుడు చెప్తారా అని."