సన్నతోక బోర్డు

కోడలు మూడోసారీ అలాగే పడింది. పెద్ద అల మీద లేచి నిలబడేదాకా బాగానే ఉంటోంది. వేగం అందుకోగానే సర్ఫ్ బోర్డు వెనకవైపు తోక నీళ్ల మీంచి లేచి పక్కకు జారిపోతోంది. ఈసారి మోచెయ్యి దోక్కుపోయింది.

తడిబట్టలతోనే మామగారి షెడ్డుకు వచ్చింది. బోర్డులు చెయ్యడం ఆయన పని.

"మామయ్యా, దీని తోక మరీ వెడల్పు. పెద్ద అలలకి సన్నతోకది చేసిపెట్టండి."

ఆయన తలెత్తలేదు. "చిన్న అలలకి అది బంగారం. వాటితో ఆడుకోరాదూ? నీకేమైనా అయితే మావాడికి ఏం చెప్పను?"

"ఆయన వద్దనలేదు."

"వాడికి నువ్వు గీసిందే గీత. నేను మాత్రం చెయ్యను."

ఆమె మూలనున్న, బోర్డులు చెక్కే పొడవాటి ఫోమ్ దిమ్మను బల్ల మీదికి లాగి, తానే చెక్కడం మొదలుపెట్టింది. రోజూ పనయ్యాక వచ్చేది. కనుబొమలదాకా తెల్లటి పొడి. తోక ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ తెగింది.

"ఎలుక కొరికినట్టుంది," అన్నాడు మామగారు.

"పిల్లిలా కాపలా కాసే బదులు వచ్చి సరిచెయ్యొచ్చుగా!"

ఆయనకు నవ్వాగలేదు. పెన్సిల్ అందుకుని దిమ్మ మీదికి వంగాడు.

"వెడల్పు తోకని నీళ్లు పైకెత్తుతాయి. చిన్న అలకి బలం చాలదు కాబట్టి అలా ఎత్తాలి. పెద్దదానికి బలం దానికే ఉంది, నీకు కావాల్సింది పట్టు. సన్నతోక నీళ్లలోకి దిగి పట్టుకుంటుంది. కానీ చటుక్కున తిరగదమ్మా. ఎటు వెళ్లాలో ముందే తేల్చుకోవాలి."

"తేల్చుకునే వచ్చాను."

ఇద్దరూ కలిసి ఆ బోర్డు పూర్తిచేశారు. పెద్ద అలలు లేచిన రోజున ఆయన కూడా ఒడ్డుకు వెళ్లాడు. మొదటి అల మీద ఆమె పాత అలవాటుకొద్దీ ఆలస్యంగా తిప్పబోయి మునిగింది. నురగలోంచి తల పైకి తేలేదాకా ఆయన ఊపిరి పీల్చలేదు. ఆమె బోర్డు లాక్కుని మళ్లీ లోపలికే ఈదింది.

రెండో అల గోడలా లేచింది. ఈసారి దిగుతూనే కుడివైపుకు ఒరిగింది. వేగం పెరిగింది. తోక లేవలేదు, జారలేదు. అల విరిగి వెనకపడినా ఆమె నిలబడే ఉంది.

మామగారు ప్యాంటుతోనే మోకాళ్లలోతు నీళ్లలోకి వచ్చేశాడు. "చాల్లే, ఇంటికి పద!"

"పట్టుకుంది మామయ్యా! ఇంకొక్కటి!"

"ఒక్కటంటే ఒక్కటే!"

ఆ మాట చేరేలోపే ఆమె బోర్డు మీద బోర్లా పడుకుని, రెండు చేతులా నీళ్లు తోసుకుంటూ సాగిపోతోంది.