జీపులో రెండో బ్యాటరీ

నేను ఒక బ్యాటరీని. అందులోనూ రెండోదాన్ని. బండిలో మొదటి బ్యాటరీకి ఉన్న పేరు రెండోదానికి ఉండదు. తాళం తిప్పగానే ఇంజను గుర్రుమందంటే ఆ గొప్పంతా బానెట్ కింద కూర్చున్న ఆయనదే. నేనేమో వెనక పరుపు కింద చెక్కపెట్టెలో ఎవరి కంటా పడకుండా ఉండేదాన్ని. ఇంజను ఆగి, మొదటాయన కునుకు తీసే వేళకి నా పని మొదలయ్యేది. చిన్న దీపం, బుల్లి ఫ్రిజ్జు, ఒక ఊపిరి మిషను నా మీదే బతికేవి. నా కథంతా ఆ ఊపిరి మిషనుదే.

నాలోని సీసం కొత్తదేమీ కాదు. ఏ లారీలో అరిగిపోయిందో, ఎవరింటి ఇన్వర్టర్‌లో ఉబ్బిపోయిందో, దాన్ని కరిగించి పలకలుగా పోసి, ఆమ్లం నింపి, నెత్తిన ఒక ఎర్రటోపీ, ఒక నల్లటోపీ పెట్టి నన్ను కొత్తదాన్ని చేశారు. పోయిన జన్మలో ఏం చేశామోనని మనుషులు తెగ బెంగపెట్టుకుంటారు. మాకా గొడవ లేదు. భీమవరంలో శేషగిరిగారి బ్యాటరీల కొట్టుకి వచ్చి, అరమీద దుమ్ము కొట్టుకుంటూ కూర్చున్నాను.

ఒక ఉదయం ఆ కొట్టుకి తిరపతిరాజుగారు, ఆయన భార్య సుభద్రాయమ్మగారు వచ్చారు. ఆమె మెట్లెక్కి గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. ఊపిరి కుదుటపడేదాకా రాజుగారు ఆమె పక్కనే నిలబడి, గోడమీది క్యాలెండరు చూస్తున్నట్టు నటించారు.

రాజుగారు రొయ్యల రైతు. చీకటి పడితే చెరువు నీళ్ళలో గాలి తగ్గిపోతుంది. నీళ్ళను చక్రాలతో చిలికే ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి. అవి ఆగాయా, తెల్లారేసరికి పంటంతా తేలిపోతుంది. అందుకని ఆయన వయసంతా చెరువు గట్టుమీదే కరిగిపోయింది. రొయ్యలకి ఊపిరాడుతోందో లేదో చెవొగ్గి వినడమే ఆయన సంసారం. సుభద్రాయమ్మగారికి మాత్రం పెళ్ళయిన కొత్తలోనే ఒక కోరిక పుట్టింది. మారేడుమిల్లి అడవిలో, ఏటి ఒడ్డున, ఏ చక్రాల రొదా లేని చోట నీళ్ళ చప్పుడు వింటూ పడుకోవాలని. అడిగినప్పుడల్లా రాజుగారు "ఈ పంట తీయనివ్వండి" అనేవారు. వాళ్ళిళ్ళల్లో భార్యనైనా మీరనే అంటారు. మాటలో ఎంత మర్యాద ఉన్నా పంట వెనక పంట వస్తూనే ఉండేది.

చివరికి ఆమె ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఇక మెత్తబడవని, పడుకుంటే ఆక్సిజన్ మిషను పక్కన ఉండి తీరాలని డాక్టరు చెప్పాడు. అప్పుడు రాజుగారు చెరువులు కౌలుకిచ్చేసి, నాలుగు చక్రాలూ లాగే పాత డీజిలు జీపొకటి కొన్నారు. వెనక పరుపు వేయించారు, పైన గుడారం కట్టించారు. ఇక అడవిలో మిషను నడవడానికి రెండో బ్యాటరీ కావాలి.

శేషగిరిగారు మూడు రకాలు చూపించారు. మొదటిది ఇంజనుకి వేసేలాంటిదే. "ఒక్క దెబ్బకి లారీనైనా లేపేస్తాదండి" అన్నారు. రెండోదాన్ని నేను. "ఇది దెబ్బ కొట్టదండి. కొంచెం కొంచెంగా, నిదానంగా ఇస్తాది." మూడోది లిథియం. తేలిక, నాజూకు, ఎండలో కాగే బండిలో దాన్ని కాసుకోవాలి. రాజుగారి చూపు మొదటిదాని మీదే ఉంది. మగాళ్ళకి చప్పుడు చేసేది కనిపిస్తే చాలు, బలమంతా దాంట్లోనే ఉందనుకుంటారు.

సుభద్రాయమ్మగారు నా మూతమీద చెయ్యి వేశారు. "నాకు దెబ్బ కొట్టేది వద్దండి. తెల్లారేదాకా ఉండేది కావాలి."

 రాజుగారు మొదటిదాని మీంచి చూపు తిప్పుకున్నారు. నన్ను కొన్నారు. అంతకుముందూ ఆ తర్వాతా నన్ను చూసి, కావాలని ఎంచుకున్న మనిషి ఆమె ఒక్కరే.

శేషగిరిగారు నాకూ మొదటాయనకీ మధ్యన ఒక చిన్న పెట్టె బిగించారు. ఐసోలేటర్ అంటారు. "బండి నడిచినంతసేపూ రెండూ కలిసి ఛార్జవుతాయండి. బండాపేక దేని దారి దానిదే. వెనకది ఖాళీ అయినా ముందుది నిండుగానే ఉంటాది. తాళం తిప్పితే బండి లేస్తాదండి."

రాజుగారు మొహం చిట్లించారు. "అంటే వేరు కాపురం పెట్టించేస్తారన్నమాట."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. వాళ్ళది పంపకాలు ఎరగని ఇల్లు. అన్నదమ్ములందరికీ ఒకటే పొయ్యి, ఒకటే గుండిగ. ఒకడి పంట పోతే మిగతావాళ్ళు మొయ్యడమే తప్ప, నీది నీదే నాది నాదే అన్న మాట ఆ గడపలో ఎవరూ అనలేదు. ఆ గొప్ప ఆయన నరనరానా ఉంది.

ఆ కార్తీకంలో మొదటిసారి మారేడుమిల్లి వెళ్ళాం. ఏటి ఒడ్డున బండి ఆగింది. సుభద్రాయమ్మగారు ముక్కుకి గొట్టం పెట్టుకుని పరుపుమీద వాలి, వెనక తలుపు తెరిపించుకుని నీళ్ళవైపు చూస్తూ పడుకున్నారు. "వింటున్నారాండి? ఏరు ఎలా పారుతోందో!"

"నాకు మిషను చప్పుడే వినబడుతోందండి" అన్నారు రాజుగారు. నిజమే. గట్టుమీద అలవాటైన చెవి అది. మిషను తిరుగుతోందా లేదా అన్నది తప్ప ఇంకేమీ వినలేదు. ఆమె మాత్రం చిన్నపిల్లలా నవ్వుతూ నిద్రపోయారు. ఆ నిద్రకి నేను కావలి ఉన్నాను. నా బతుకులో నేను గర్వపడిన రోజులంటే అవే.

ఆ తర్వాత మూడు నాలుగు సార్లు వెళ్ళాం. ఒకసారి తెల్లవారకముందే నేను అలిసిపోయాను. మిషను కీచుమంది. రాజుగారు గబగబా ఇంజను వేశారు. పొగంతా లోపలికి కమ్మి, ఆమె దగ్గీ దగ్గీ కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నారు. ఆమె నిద్ర పాడైందన్న బాధ ఆయన్ని తినేసింది. ఇంటికి రాగానే చెక్కపెట్టె తెరిచి, మా ఇద్దరి మధ్య పెట్టెని తప్పించి, లావుపాటి తీగతో మమ్మల్ని కలిపేశారు. "అన్నదమ్ములిద్దరూ కలిసి లాగితే ఎందుకు సరిపోదూ?" అని మాతోనే అన్నారు. ప్రేమతోనే చేశారు. ఒక పొయ్యి మీద పెరిగిన మనిషి, విడిగా ఉంటేనే ఒకళ్ళనొకళ్ళు కాపాడుకోగలిగేవాళ్ళు కూడా ఉంటారని ఎలా అనుకుంటాడు?

మళ్ళీ వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది. తెల్లారినా వదల్లేదు. ఆమె రోజంతా పరుపుమీదే ఉన్నారు. మిషను ఆగకుండా నడిచింది. నేను ఇస్తున్నాను, నాతోపాటు మొదటాయనా ఇస్తున్నాడు. ఇద్దరం ఉన్నాం కదా అని రాజుగారు నిశ్చింతగా అన్నం వండారు. సందె వేళ మిషను కీచుమంది. ఆయన ముందుకెళ్ళి తాళం తిప్పారు. టక్కుమన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మళ్ళీ తిప్పారు. అదీ లేదు.

చేత్తో ఎత్తగలిగేంత చిన్న ఆక్సిజన్ సిలిండరొకటి ఉంది. దాని గొట్టం ఆమె ముక్కుకి పెట్టి, రాజుగారు వానలో దారికి అడ్డంగా నిలబడి కేకలు వేశారు. అన్నేళ్ళు గట్టుమీద దేనికి భయపడ్డారో అదే ఇప్పుడు పరుపుమీద జరుగుతోంది. అదృష్టం బాగుండి సంత నుంచి వస్తున్న కొండరెడ్లు కొందరు ఆగారు. సరుకులు చెట్టుకింద పెట్టి, పల్లం వైపు జీపుని తోశారు. మాలో అడుగునెక్కడో మిగిలిన కాస్త ప్రాణంతో ఇంజను దగ్గి, వణికి, లేచింది. మిషను మళ్ళీ తిరిగింది. ఆమె బతికారు.

ఆయన చేతిని ఆమె పట్టుకున్నారు. "ఆగింది బండండి, నేను కాదు. ఎందుకలా అయిపోతారు? మళ్ళీ ఇక్కడికే వద్దారండి."

ఇంటికి రాగానే రాజుగారు తీగ పీకేసి, ఐసోలేటర్ని మళ్ళీ మునుపటిలాగే బిగించారు. వారం వారం మా టోపీలు తుడిచి, వేజలైన్ రాసి, ఇంజను వేసి మమ్మల్ని నింపేవారు. ఇక ఏ లోటూ లేదు. కానీ బండి వాకిలి దాటలేదు.

సుభద్రాయమ్మగారు వసారాలో కుర్చీలోంచి అడుగుతూనే ఉన్నారు. "వెళ్దారాండి?"

"ఈ చలి పోనివ్వండి."

చలి పోయింది. "ఈ ఎండలు తగ్గనివ్వండి" అన్నారు. ఆమె మొదట నవ్వేవారు. ఒకరోజు నవ్వకుండా, "పంట తీయనివ్వండి అనేవారు. ఆ మాటే ఇంకోలా అంటున్నారు" అన్నారు. రాజుగారు తల వంచుకుని నా మూత తుడవడం మొదలుపెట్టారు. నాకు ఆ చేతుల మీద జాలేసింది, కోపమూ వచ్చింది. నేను నిండుగా ఉన్నాను. మొదటాయన నిండుగా ఉన్నాడు. ఆమెలో మాత్రం రోజురోజుకీ తగ్గిపోతోంది. భయపడ్డ మనిషికి ఆ లెక్క చెప్పేదెవరు?

శ్రావణంలో ఆమె పోయారు. గదిలో, మంచం మీద. కరెంటు పోలేదు, ఇన్వర్టరు సిద్ధంగా ఉంది, మిషను ఒక్క క్షణమైనా ఆగలేదు. అన్నీ సవ్యంగా ఉండగానే పోయారు. జీపు వాకిట్లోనే ఉంది.

సంవత్సరీకం అయ్యాక రాజుగారు ఒక్కరే బండి తీశారు. మధ్యాహ్నానికి ఆ ఏటి ఒడ్డుకే చేరాం. ఆయన వెనక తలుపు తెరిచి, ఖాళీ పరుపు సర్ది, మిషను వేశారు. దాని గొట్టం తలగడ మీద పెట్టారు. ఎవరూ పీల్చని గాలి అలా వస్తూనే ఉంది. పాతబడిపోయానేమో, నేను ఎంతోసేపు ఆగలేకపోయాను. సందె వేళకి మిషను కీచుమని, ఆగిపోయింది. ఆయన ఈసారి పరుగెత్తలేదు. ఇంజనూ వెయ్యలేదు. అలాగే కూర్చున్నారు. అప్పుడు, ఇన్నాళ్ళకి మొదటిసారి, ఆయనకి ఏటి చప్పుడు వినబడింది.

"ఏరండి" అన్నారు, పక్కన ఎవరో ఉన్నట్టు. "వింటున్నానండి."

కాసేపటికి ముందు సీట్లోకి వెళ్ళి తాళం తిప్పారు. నేను ఒట్టిపోయి ఉన్నాను. కానీ మొదటాయన నిండుగా ఉన్నాడు, మధ్యలో ఆ చిన్న పెట్టె తన పని తాను చేసింది. ఇంజను మొదటి తిప్పుకే లేచింది. అంత తేలిగ్గా. ఆమె ఎన్నిసార్లు అడిగినా తీసుకురాకుండా దాచుకున్న భయమంతా ఇంత తేలిక విషయానికా అన్నట్టు, రాజుగారు స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చారు. ఇంజను తిరుగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆయన నన్ను తుడవలేదు. నేను ఉబ్బిపోయాను, ఛార్జి పట్టడం మానేశాను. మొన్న శేషగిరిగారి కొట్టుకే తెచ్చి నన్ను దింపించారు. ఇప్పుడు కొట్టు వెనక పాత బ్యాటరీల కుప్పలో, ఆకాశం కనబడే చోట ఉన్నాను. కొలిమికి పోయే లారీ వచ్చేదాకా ఇక్కడే. నా సీసం మళ్ళీ ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. ఎవరైనా నన్ను చెయ్యి వేసి ఎంచుకుంటారో లేదో తెలియదు.

నన్ను దింపిన రోజున శేషగిరిగారు అలవాటుగా లోపలికి నడిచి, అరమీద నాలాంటి కొత్తదాన్ని చూపించారు. "నిదానంగా ఇచ్చే రకమేనండి. తెల్లారేదాకా ఉంటాది. వెనక బిగించెయ్యమంటారా?"

రాజుగారు ఆ బ్యాటరీ మూతమీద చెయ్యి వేసి, కాసేపు ఉంచి, తీసేశారు.

"వద్దండి. ముందుదొక్కటీ చాలండి" అన్నారు, జీపు తాళం జేబులో వేసుకుంటూ.