ఉడత వెనక్కి చూసింది

"ఈ తలుపు తీసి ఉంచాలి," అంది థెరపిస్టు.

ఆ ఇంట్లో తలుపు తీసి ఉంచడమన్న మాటే లేదు. మనిషి లోపలికొస్తే గడియ, బయటికెళ్తే గడియ. పిల్లకు అందకుండా పైన ఒకటి, కుర్చీ ఎక్కినా అందకుండా ఇంకా పైన మరొకటి.

"తీసి ఉంచితే పారిపోతుంది మేడం. అందుకే కదా మిమ్మల్ని పిలిచింది," అన్నాడు తండ్రి.

"ఎలా పారిపోతుందో చూడకపోతే ఏం నేర్పాలో నాకెలా తెలుస్తుంది సార్?"

మాట్లాడుకుంటున్నది తన గురించే అయినా పిల్ల తల ఎత్తలేదు. నేల మీద కూర్చుని ప్లాస్టిక్ మూతలను బొంగరాల్లా తిప్పుతోంది. ఐదేళ్లు. ఇంకా మాటలు రాలేదు. ఇంట్లో అందరూ ఉడత అంటారు. చేతిలో ఉన్నట్టే ఉండి జారిపోతుంది.

ఇంటి ముందు వాకిలి, వాకిలి చివర గేటు, గేటు దాటితే బస్సులు తిరిగే రోడ్డు. పోయిన నెల ఒక వ్యాను డ్రైవరు చూసుకుని బ్రేకు తొక్కాడు కాబట్టి పిల్ల దక్కింది. ఆ రోజే తండ్రి తేల్చేశాడు. ఊరి బయట ఎత్తు గోడల మధ్య ఒక హాస్టల్ ఉంది, ఇలాంటి పిల్లల కోసం. అక్కడైతే కనీసం ప్రాణంతో ఉంటుంది. భార్య ససేమిరా అంది. అన్నం మానేసింది. చివరికి ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చారు. పిల్లను పరీక్షించే మనిషిని పిలుద్దాం. ఇంట్లోనే ఉంచి నేర్పవచ్చంటే ఉంచుదాం. లాభం లేదంటే సోమవారం హాస్టల్.

ఇవాళ శనివారం.

"పరిగెత్తే ముందు ఏం జరుగుతుంది?" థెరపిస్టు అడిగింది.

"ఏమీ జరగదండీ," అంది భార్య. "మిక్సీ చప్పుడుకేమోనని మిక్సీ మానేశాం. అయినా పరిగెత్తింది."

"మిక్సీ మానేసి నా చేతులు పడిపోయాయి తప్ప ఉడత మాత్రం ఆగలేదమ్మా," అంది అతని అత్తగారు వంటింటి గుమ్మంలోంచి.

"పరిగెత్తాక మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాం, అందరం వెంటపడతాం. మా అల్లుడుగారి పరుగు చూడాలి. మామూలుగా మంచినీళ్లకి కూడా లేవరు."

"అత్తయ్యగారూ."

"ఉన్నమాటే కదా బాబూ." ఆవిడ టీ సంగతి గుర్తొచ్చి లోపలికి వెళ్లిపోయింది.

"పట్టుకున్నాక?" థెరపిస్టు తండ్రి వైపు తిరిగింది.

"ఎత్తుకుని గట్టిగా పట్టుకుంటాను. మళ్లీ జారిపోతుందేమోనని భయం."

"మిగతాప్పుడు ఎత్తుకుంటారా?"

భార్యే చెప్పింది. "ముట్టుకుంటే ఒళ్లు బిగించేసేది. ఇష్టం లేదేమోనని మానేశాం."

థెరపిస్టు లేచి కిటికీలోంచి బయటికి చూసింది. గేటుకు గొలుసు చుట్టి ఉంది. దానికి తాళం వేలాడుతోంది.

"గేటుకు తాళం ఉంది కదా?"

"ఎప్పుడూ ఉంటుంది," అన్నాడు తండ్రి.

"అయితే వాకిలి దాటే వీల్లేదు. ఇంటి తలుపు తీయండి. నేను వాకిట్లో గోడ పక్కన నిలబడతాను. మీరు సోఫాలో పేపరు చదువుతూ ఉండండి. తను బయటికొచ్చినా నేను చెప్పేదాకా వెంటపడొద్దు."

గడియలు రెండూ తీశారు. హాల్లోకి ఎండ పడింది. తండ్రి పేపరు పట్టుకున్నాడు గానీ ఒక్క అక్షరం కళ్లకు ఆనలేదు.

మూత తిరగడం ఆగింది.

ఉడత లేచింది. గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి వెనక్కి చూసింది. ఎండ వంక కాదు, రోడ్డు వంక కాదు. తండ్రి వంక. ఆ తర్వాత పరుగు.

పేపరు కింద పడింది. థెరపిస్టు మాట గుర్తొచ్చి అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. పిల్ల గేటు మీద రెండు చేతులూ వేసి తోసింది.

గొలుసు జారి నేల మీద పడింది. గేటు తెరుచుకుంది.

వంటింటి కిటికీలోంచి అత్తగారు కేకేసింది. "తాళం నొక్కలేదు బాబూ. వచ్చినావిడ మనిల్లు జైలనుకుంటుందని, ఉత్తినే తగిలించాను."

అతను అప్పటికే వాకిట్లో ఉన్నాడు. గేటు బయట ఫుట్‌పాత్ అంచున నిలబడి ఉడత మళ్లీ వెనక్కి చూసింది. అతను రెండంగలు వేశాడు. ఉడత కిలకిలా నవ్వి ఒక కాలు రోడ్డు మీదికి దించింది.

మలుపు తిరిగి బస్సు వస్తోంది.

"ఆగండి," అంది థెరపిస్టు. గొంతు పెంచలేదు. "తను చూస్తున్నది మిమ్మల్నే. మీరు పరిగెడితే తనూ పరిగెడుతుంది. కూర్చోండి."

"బస్సు, మేడం..."

"బస్సు సంగతి నేను చూస్తాను. కూర్చుని మొహం ఇంటి వైపు తిప్పుకోండి."

ఆమె గోడ వారగా, పిల్ల వైపు చూడకుండా, రోడ్డు మీదికి జారుకుంటోంది. ఒక చెయ్యి బస్సు డ్రైవరుకు కనబడేలా పైకి లేచింది.

తండ్రి కూర్చున్నాడు. మోకాళ్లు వినలేదు, బలవంతాన వంచాడు. గేటుకు వీపు పెట్టాడు. ఎదురుగా గుమ్మంలో భార్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. ఆమె మొహంలోనే రోడ్డును చూడాల్సి వచ్చింది. హారన్ మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. భార్య కళ్లు మూసుకుంది.

అతను గుప్పిట్లో మట్టి పిసికాడు. వెనక్కి తిరగలేదు.

చిన్న అడుగుల చప్పుడు. ఆగింది. మళ్లీ దగ్గరైంది. అతని భుజం మీద ఒక చెయ్యి పడింది, ఇంకా ఎందుకు లేవవన్నట్టు తోసింది.

"ఇప్పుడు ఎత్తుకోండి," థెరపిస్టు గేటు మూస్తూ అంది. "పారిపోయినప్పుడు పట్టుకున్నట్టే, గట్టిగా."

ఎత్తుకున్నాడు. మెల్లగా ముట్టుకుంటే బిగుసుకుపోయే పిల్ల, బిగించి పట్టుకునేసరికి మెత్తబడి అతని మెడలో తల పెట్టేసింది.

థెరపిస్టు గొలుసు చుట్టి తాళం నొక్కింది. రెండుసార్లు లాగి చూసింది. "ఇది ముందే నేను చేయాల్సింది," అంది.

లోపల కూర్చున్నాక తండ్రే అడిగాడు. "దేనికి భయపడి పరిగెడుతోంది?"

"భయం కాదు సార్. మీరు వెంటపడాలి, ఈ పట్టు పట్టాలి. అది తనకి ఒక్క దారిలోనే దొరుకుతోంది. ఇంకో దారి నేర్పుదాం. ఇందాక భుజం తోసింది చూశారా, అదే. తట్టిన ప్రతిసారీ మీరు లేచి వెంటపడాలి, ఎత్తుకోవాలి. భోంచేస్తున్నా సరే. అది అలవాటయ్యేదాకా గేటుకు తాళం. నొక్కి."

"ఆ చివరి మాట నాకే," అంది అత్తగారు, టీ కప్పులు పెడుతూ. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇంట్లోనే నేర్పవచ్చంటారా?" భార్య అడిగింది.

"నేను నేర్పేది కొంతే అమ్మా. లేవాల్సింది మీవారు."

ఉడత అతని ఒళ్లోంచి దిగింది. మూతల దగ్గరికి వెళ్లి, తిరిగొచ్చి, అతని భుజం మీద తట్టింది. అతను కప్పు కింద పెట్టి లేచాడు. పిల్ల బల్ల చుట్టూ పరుగు తీసింది.

"ఏమండీ, సోమవారం..." అంది భార్య.

"మేడం ఎన్నింటికొస్తారో కనుక్కో," అన్నాడతను, బల్ల అవతలి నుంచి, రొప్పుతూ.